హాల్లో టీవీ కింద పదకొండేళ్ల పీసీ, చేతిలో పన్నెండు వేలు: ముందు ఏది మార్చాలి?

గోదారి గట్టు · 2025 డిసెంబర్ 20, రాత్రి 9:42

అందరికీ నమస్కారమండీ. మాది రాజమండ్రి. 2014 చివర్లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో అసెంబుల్ చేయించిన పీసీ ఒకటుంది. పెళ్లయ్యాక బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకి వచ్చి, టీవీ యూనిట్ కింద అరలో స్థిరపడింది. వివరాలు:

ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10.

సంక్రాంతికి అక్క పిల్లలు ఇద్దరూ వస్తున్నారు. పోయిన ఏడాది వచ్చి "మామయ్యా, నీ పీసీ కన్నా మా నాన్న ఫోన్ నయం" అని వెళ్లారు. గేమ్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆడటం మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకి తడబడటం మొదలు. మౌస్ కదిపితే బాణం గుర్తు నీళ్లలో ఈదుకుంటూ వచ్చినట్టు వస్తుంది. పైగా స్విచ్ బోర్డు ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ డేట్ 2014కి పోతోంది.

ఇక్కడ షాపాయన చూసి "ఇది కాటాకి వేసేయండి, 45 వేలలో కొత్తది కట్టిస్తా" అన్నాడు. చిట్టీ డబ్బుల్లో మిగిలింది 12 వేలు. రూపాయి కూడా దాటకూడదు. ముందు కార్డు మార్చాలా, ప్రాసెసరా?

ర్యాపిడ్ రాయలసీమ · రాత్రి 10:05

సామీ, ఆ పీసీకి దండేసి దణ్ణం పెట్టు. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఏ520 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. కార్డు లేకుండానే ఆడుకోవచ్చు. నేను మా తమ్ముడికి పోయినేడు 22 వేలలో చేయించినా.

పార్క్‌లేన్ పక్షి · రాత్రి 10:31

అన్నా, పోయినేటి రేట్లు మర్చిపో. నేను మొన్న ఆదివారం సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ కాడ సీటీసీ కంప్యూటర్ల బజారుకి పోయిన. ఎండాకాలంలో నేను కొన్న డీడీఆర్4 16 జీబీ ర్యామ్ కిట్‌కి ఇప్పుడు రెండింతల పైనే చెప్తున్నరు. ఏఐ డేటా సెంటర్లకే చిప్‌లన్నీ పోతున్నయ్. మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటోళ్లకు ర్యామ్ అమ్ముడే బందు పెడుతున్నమని ఈ నెల మొదట్లనే చెప్పింది. ఇప్పుడు కొత్త పీసీ అంటే ర్యామ్ దగ్గరే సగం బడ్జెట్ ఖతం. పాత డీడీఆర్3 సెకండ్స్‌లో ఇంకా చీప్‌గనే దొరుకుతుంది. ఉన్నదాన్నే బాగు చేసుకోమని నా మాట.

బైనరీ బాబాయ్ · రాత్రి 11:12

గోదారి గట్టు గారూ, ఏదీ కొనకండి. ముందు నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పండి.

ఒకటి, ఆ ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు అందించే డబ్బా) పక్కన అంటించిన లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసుంది? పైన పెద్దక్షరాలతో రాసిన వాట్లు నాకొద్దు. రెండు, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసి, గేమ్ అరగంట ఆడి, ప్రాసెసర్ గరిష్ఠ వేడి ఎంత ఉందో చూడండి. మూడు, ర్యామ్ ఒకటే కర్రా, రెండా? నాలుగు, టీవీ ఏది, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్ ఎంత చూపిస్తున్నాయి?

నాలుగోది తమాషాకి అడగట్లేదు. మౌస్ ఈదుకుంటూ వస్తోందన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే.

గోదారి గట్టు · డిసెంబర్ 21, ఉదయం 8:20

బాబాయ్ గారూ, ఆదివారం పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా చూశాను.

ఎస్‌ఎంపీఎస్ కేబినెట్‌తోనే వచ్చింది. పైన 450 వాట్లు అని ఉంది. 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. ప్రాసెసర్ 97 డిగ్రీలు! ర్యామ్ ఒకటే కర్ర. టీవీ 43 అంగుళాల 4కే. సెట్టింగ్స్‌లో 3840 బై 2160, 30 హెర్ట్జ్ అని ఉంది.

బైనరీ బాబాయ్ · ఉదయం 9:03

అనుకున్నంతా అయింది. మీ పీసీకి జబ్బు ఒకటి కాదు, మూడు. మూడింటికీ మందు దాదాపు ఉచితం.

750 టీఐ కార్డులో టీవీకి తగిలించే పోర్టు పాత రకం, హెచ్‌డీఎంఐ 1.4. దాంతో 4కే పెడితే మామూలుగా సెకనుకి 30 బొమ్మలు దాటవు. అంటే తెర మీద కొత్త బొమ్మ రావడానికి 33 మిల్లీసెకన్లు. దానికి తోడు టీవీ తన వంతుగా రంగులు దిద్ది, అంచులు నునుపు చేసి, తీరిగ్గా చూపిస్తుంది. మీ చేయి కదలడానికీ బాణం కదలడానికీ మధ్య ఆలస్యం అంతా ఇదే. పది వేల కార్డు కొని ఇదే సెట్టింగ్‌లో ఆడినా అలాగే ఈదుకుంటూ వచ్చేది.

1920 బై 1080, 60 హెర్ట్జ్ పెట్టండి. 4కే టీవీ మీద 1080 బాగానే ఉంటుంది, ఒక్కో చుక్కకి సరిగ్గా నాలుగు చుక్కలు పడతాయి. సోఫాలోంచి చూస్తే తేడా తెలియదు. తరవాత టీవీ రిమోట్‌తో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి గేమ్ మోడ్ ఆన్ చేయండి. అంచులు కత్తిరించినట్టు కనిపిస్తే పిక్చర్ సైజులో 'జస్ట్ స్కాన్' లాంటిది ఒకటి ఉంటుంది, అది పెట్టండి.

ఇక 97 డిగ్రీలు. ఇరవై నిమిషాల తరవాత తడబడుతోంది అంటే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటోంది. మూత తీసి దుమ్ము దులపండి, కూలర్ తీసి పాత పేస్ట్ తుడిచి కొత్తది పెట్టండి. ఇంటెల్ వాళ్ల ఆ నాలుగు ప్లాస్టిక్ మేకుల కూలర్‌లో ఒకటి సరిగా దిగకపోయినా వేడి ఇలాగే పెరుగుతుంది. ఎదురెదురు మేకులు జతగా నొక్కాలి, 'టక్' అని వినపడాలి.

డేట్ వెనక్కి పోవడం అంటే బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032. వాచీల కొట్లో దొరుకుతుంది.

గోదారి గట్టు · డిసెంబర్ 21, రాత్రి 7:48

బాబాయ్ గారూ, మీరు చల్లగా ఉండాలి.

60 హెర్ట్జ్, గేమ్ మోడ్ పెట్టగానే మౌస్ చేతికి అతుక్కున్నట్టు వస్తోంది. నాలుగేళ్లుగా ఇదంతా పీసీ ముసలిదైపోవడం వల్లే అనుకుంటున్నాను!

మూత తీశాక లోపల చూసిన దృశ్యం వేరు. దుమ్ము కాదది, నల్లటి జిడ్డు. మా పూజ గూడు టీవీ యూనిట్ పక్కనే. రోజూ అగరుబత్తులు, శుక్రవారం సాంబ్రాణి. ఇన్నేళ్ల భక్తి అంతా ఫ్యాన్ రెక్కలకి పట్టేసింది. బ్లోయర్‌కి రాలేదు, పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. మీరన్నట్టే ఒక మేకు పైకి లేచి ఉంది. పేస్ట్ 250, బ్యాటరీ 30. ఇప్పుడు అరగంట ఆడితే 71 డిగ్రీలు.

అమ్మ వచ్చి "ఫ్యాను సౌండు ఆగిపోయిందేంట్రా, పాడైపోయిందా?" అంది.

ర్యాపిడ్ రాయలసీమ · రాత్రి 8:15

సాంబ్రాణి పొగ పట్టిన పీసీని మొదటిసారి వింటాండా. సరే, నా మాట వెనక్కి తీసుకుంటా. ఇప్పుడు మిగిలిన డబ్బుతో ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ కార్డు కొట్టు. సెకండ్స్‌లో ఐదారు వేలకే వస్తుంది. ఆ రేటుకి దాన్ని కొట్టేది లేదు.

పార్క్‌లేన్ పక్షి · రాత్రి 8:40

580 మస్తు కార్డే, కానీ రెండు సంగతులు. సెకండ్స్‌ల దొరికేటివాట్ల క్రిప్టో మైనింగ్‌ల అరిగిపోయినయ్ చాలా ఉన్నయ్. ఇంకోటి, పేరు వెనక 2048ఎస్‌పీ అని ఉంటే అది లోపల దాని కిందిదైన 570 లెక్కనే, స్టిక్కర్ మాత్రం 580ది.

నేను ఒకసారి ఫోటో చూసి 1050 టీఐ అని కొన్న. ఇంటికొచ్చి కార్డు వివరాలు చూపెట్టే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే పేరు ముందట 'ఫేక్' అని చూపెట్టింది. ఎప్పటిదో పాత కార్డుకి బయోస్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి అమ్మిండు. అప్పటిసంది నా నియమం ఒక్కటే: నా కండ్ల ముందట జీపీయూ-జెడ్ తెరవాలె, కార్డుని గట్టిగ పరీక్షించే ఫర్‌మార్క్ పావుగంట తిరగాలె, అప్పుడే పైసలు.

బైనరీ బాబాయ్ · రాత్రి 9:26

580 గురించి ఆ మైనింగ్ సంగతి తరవాత. అసలు అడ్డంకి ఎస్‌ఎంపీఎస్. 12 వోల్టులు, 14 ఆంపియర్లు: గుణిస్తే 168 వాట్లు. పైన 450 అని ఎంత పెద్దగా రాసినా, ప్రాసెసర్‌కీ కార్డుకీ అందేది ఆ 168లోంచే. 580 ఒక్కటే 185 వాట్ల కార్డు. ప్రాసెసర్ 84. చాలదు.

750 టీఐ 60 వాట్లే కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచింది. 75 వాట్ల జీటీఎక్స్ 1650 కార్డు పెట్టినా ప్రాసెసర్‌తో కలిపి 159 అవుతుంది. పదకొండేళ్ల ఎస్‌ఎంపీఎస్‌ని అంచు దాకా నెట్టడమే. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతుంది. అందుకే మొదటి ఖర్చు మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద. ఎవరూ చూడని వస్తువు కాబట్టి అందరూ ఇక్కడే పిసినారితనం చూపిస్తారు.

కార్డు విషయంలో నా ఓటు జీటీఎక్స్ 1650. వేగంలో 580 కన్నా కొంచెం తక్కువే, ఒప్పుకుంటాను. మూసిన అరలో ఉండే పీసీకి 75 వాట్ల వేడి వేరు, 185 వాట్ల వేడి వేరు. ఇంకో కారణం డ్రైవర్లు. ఎన్‌విడియా ఈ అక్టోబర్‌తో 750 టీఐ, 1060 లాంటి మాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డులకి గేమ్ డ్రైవర్లు ఆపేసింది, ఇక భద్రతా అప్‌డేట్‌లే. 580 తరం వాటిని ఏఎండీ 2023లోనే పక్కన పెట్టింది. 1650 వాటి తరవాతి ట్యూరింగ్ తరం కాబట్టి ఇంకా వరసలో ఉంది.

టెక్సస్ తెలుగోడు · డిసెంబర్ 22, ఉదయం 6:10

మాది భీమవరం, ఉండేది డల్లాస్. జనవరి 8న ఇండియా వస్తున్నా. ఇక్కడ ఆర్‌ఎక్స్ 6400 కార్డు కొత్తది కొని తీసుకురమ్మంటారా? 53 వాట్లే తింటుంది, పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు.

బైనరీ బాబాయ్ · ఉదయం 7:02

మీ మనసు గొప్పదండీ, కానీ ఈ బోర్డుకి అది సరిపడదు. 6400కి బోర్డుతో మాట్లాడే దారులు, అంటే పీసీఐఈ లైన్లు, నాలుగే. కొత్త బోర్డుల్లో 4.0 వేగంతో ఆ నాలుగూ చాలతాయి. హెచ్81 ఉన్నది 2.0 దగ్గర. నాలుగు వరసల హైవే మీద వెళ్లాల్సిన లారీలని పొలం గట్టు మీదికి మళ్లించినట్టు. 1650కి పదహారు లైన్లు కాబట్టి 2.0లో కూడా పెద్దగా నష్టం ఉండదు. ఇంటెల్ ఆర్క్ కార్డులు కూడా వద్దు, రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని బోర్డు మీద అవి చతికిలపడతాయి.

నైట్ షిఫ్ట్ నరసరావుపేట · ఉదయం 10:44

నేనొక అడ్డం మాట చెప్తాను, తిట్టకండి. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు, ఐ5-8500వి, 12 నుంచి 15 వేలకి దొరుకుతున్నాయి. ఆరు కోర్లు, విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. పాతదాని మీద 12 వేలు పోయడం కన్నా అదే నయం కదా? విండోస్ 10కి అక్టోబర్ 14తో కాలం చెల్లింది. ఈ ఐ5కి 11 ఎక్కదు.

పార్క్‌లేన్ పక్షి · ఉదయం 11:20

మాట కరెక్టే. కానీ అట్ల దొరికే డబ్బాలు ఎక్కువ శాతం సన్నటివి. పొట్టి కార్డులే పడతయ్, 1650ల పొట్టిది సెకండ్స్‌ల దొరుకుడే కష్టం, దొరికినా రేటెక్కువ. ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతలది, మామూలుది పట్టదు. డబ్బాకే బడ్జెట్ అయిపోతే కార్డు ఎట్ల? పిల్లలు ఆడుకునేది ఎక్సెల్ కాదు గదా.

నైట్ షిఫ్ట్ నరసరావుపేట · ఉదయం 11:52

పెద్ద టవర్ కేబినెట్‌వి కూడా వస్తాయి, వెతకాలి. నేను ఇప్పటికీ అదే కరెక్ట్ అంటాను, కాకపోతే 20 వేల బడ్జెట్ ఉన్నవాళ్లకి. 12కి కుదరదు, ఒప్పుకుంటున్నా.

గోదారి గట్టు · మధ్యాహ్నం 1:15

విండోస్ సంగతి చెప్పండి, టెన్షన్ మొదలైంది. పెద్దవాడు వాలొరెంట్ ఆడతాడు. చిన్నవాడికి కార్లు. లైనక్స్ వేస్తే టీవీకి బాగుంటుందని ఎక్కడో చదివాను.

నైట్ షిఫ్ట్ నరసరావుపేట · మధ్యాహ్నం 2:08

లైనక్స్‌లో బజైట్ అని ఉంది. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ లాగా నేరుగా కంట్రోలర్‌తో నడిచే తెర వస్తుంది, హాల్లో పీసీకి అచ్చంగా అదే కావాలి. కానీ వాలొరెంట్ లైనక్స్‌లో రాదు, మోసాల్ని పట్టే దాని వాన్‌గార్డ్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబర్ నుంచి లైనక్స్‌లో పోయింది. దొడ్డిదారిన విండోస్ 11 వేస్తారేమో, అదీ వద్దు. 11 మీద వాలొరెంట్ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, మీ బోర్డులో లేదు.

విండోస్ 10లోనే ఉండి ఈఎస్‌యూకి, అంటే అదనపు భద్రతా అప్‌డేట్‌ల పథకానికి నమోదవ్వండి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్‌లు వస్తాయి. ఆ తరవాత బజైట్ సంగతి చూద్దురు. ఆ పీసీలో బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

ర్యాపిడ్ రాయలసీమ · మధ్యాహ్నం 3:30

ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్) మర్చిపోయినారు అందరూ. నాలుగు నిమిషాల లోడింగ్‌కి కారణం ఆ హార్డ్ డిస్కే. అందులో ఎక్కువ వేగముండే ఎన్‌వీఎంఈ రకం తీసుకో అప్పా, రేటులో పెద్ద తేడా లేదు.

బైనరీ బాబాయ్ · సాయంత్రం 4:11

హెచ్81లో దాన్ని పెట్టే ఎం.2 స్లాటే లేదు నాయనా. అడాప్టర్ పెట్టినా దానిమీంచి విండోస్ లేవదు, బయోస్‌తో కుస్తీ పట్టాలి. హార్డ్ డిస్క్ లాగా కేబుల్‌తో తగిలించే మామూలు సాటా ఎస్ఎస్‌డీ చాలు. బోర్డు మీద నాలుగు సాటా పోర్టుల్లో రెండే 6 జీబీపీఎస్‌వి, పక్కన చిన్న అక్షరాలతో రాసుంటుంది, అందులో పెట్టండి.

ర్యామ్: రెండే స్లాట్లు, గరిష్ఠం 16. ఇంకో 8 జీబీ కర్ర, 1600ది, 1.5 వోల్టులది. రెండు కర్రలైతే డ్యుయల్ ఛానెల్ (రెండూ ఒకేసారి పనిచేయడం) కూడా వస్తుంది. పెట్టాక సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో సరిచూసుకోండి.

ప్రాసెసర్ ఇప్పుడొద్దు. నాలుగు కోర్లు, నాలుగే త్రెడ్లు కాబట్టి కొత్త గేమ్‌లలో కొంచెం ఇబ్బంది పడుతుంది, నిజమే. తరవాత ఎప్పుడైనా ఐ7-4770 చూడండి. కొంతమంది జియాన్ ఈ3-1231 వీ3 చౌక అంటారు. చౌకే, కానీ ఆ ప్రాసెసర్‌లో తెరకి బొమ్మ పంపే భాగం లేదు. కార్డు పోయిన రోజు తెర మొత్తం నలుపే.

గోదారి గట్టు · డిసెంబర్ 29, రాత్రి 10:17

కొనడం అయిందండీ. మా బావ హైదరాబాద్‌లోనే ఉంటాడు, శనివారం పార్క్‌లేన్ పంపించాను. వీడియో కాల్‌లో నేను. పక్షి గారి నియమం ప్రకారం ఫర్‌మార్క్ అడిగితే మొదటి కొట్టాయన "నమ్మకం లేకపోతే వద్దులే సార్" అన్నాడు. రెండో కొట్లో ఒప్పుకున్నారు కానీ పది నిమిషాలకే కార్డు 88కి పోయి, ఒక ఫ్యాన్ గరగరమంది. మూడోది 69 దగ్గర నిలబడింది. బావకి అప్పటికి ఆకలి దంచేస్తోంది, బిర్యానీ కోసమైనా తొందరగా తేల్చమన్నాడు.

లెక్క: 1650 కార్డు 5,800. కొత్త ఎస్‌ఎంపీఎస్ 2,650. 256 జీబీ ఎస్ఎస్‌డీ 2,100. సెకండ్స్ ర్యామ్ 900. ఇంతకు ముందు పేస్ట్, బ్యాటరీ 280. మొత్తం 11,730. బిర్యానీ బావ ఖాతాలో.

పార్క్‌లేన్ పక్షి · రాత్రి 10:40

సూపర్ అన్నా. ఫర్‌మార్క్ వద్దన్నోడి కాడ కొనొద్దు, అంతే.

గోదారి గట్టు · జనవరి 18, రాత్రి 8:55

పిల్లలు ఇవాళే వెళ్లారు. ఇప్పుడు తీరిక దొరికింది.

విండోస్ ఎస్ఎస్‌డీ మీద ఇరవై సెకన్లలో లేస్తోంది. చిన్నవాడికి ఫోర్జా హొరైజన్ 5 వేశాను. దాని కనీస అర్హతల జాబితాలో ప్రాసెసర్ దగ్గర అచ్చంగా నా ఐ5-4460 పేరే ఉంది చూసి, పదో తరగతి ఫలితాల్లో మన నంబర్ చూసుకున్నట్టు అనిపించింది. 1080లో మీడియం కిందుగా పెడితే హాయిగా నడుస్తోంది. ఊళ్లోంచి వేగంగా వెళ్లేటప్పుడు ఒక్కోసారి తడబడుతుంది, అది ప్రాసెసర్ సంగతే అనుకుంటాను. ఆ గేమ్ ఒక్కటే 110 జీబీ. అది ఎస్ఎస్‌డీలో, మిగతావన్నీ పాత డిస్క్‌లో. పెద్దవాడు వాలొరెంట్ గురించి ఏమీ అనలేదు. వాడు ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

మొదటి రోజు రెండు గంటలు ఆడాక అర లోపల చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. టీవీ యూనిట్ వెనక ప్లైవుడ్‌కి వడ్రంగితో పళ్లెమంత రంధ్రం కోయించాను. ఆయన కూలి తీసుకోలేదు, పక్కింటి గుమ్మం పనికి వచ్చి కోసి వెళ్లాడు. అగరుబత్తులు ఇప్పుడు గూట్లోంచి తులసికోట దగ్గరికి మారాయి, దానికి మాత్రం అమ్మతో రెండ్రోజులు చర్చలు జరిగాయి.

కంట్రోలర్ కోసం బ్లూటూత్ డాంగిల్ 300 పెట్టి కొన్నాను. మొత్తం 12,030. ముప్పై రూపాయలు దాటింది. బిళ్ల బ్యాటరీ ఖర్చు ఇంటి సరుకుల్లో రాశాను.

పాత 750 టీఐ, దాని మినీ హెచ్‌డీఎంఐ కన్వర్టర్ ఖాళీగా ఉన్నాయి. 1,200కి ఎవరికైనా కావాలా?

నిర్వాహకులు · రాత్రి 9:10

గోదారి గట్టు గారూ, అమ్మకాలు ఈ విభాగంలో పెట్టకూడదు. 'కొనుగోలు, అమ్మకం'లో కొత్తగా పోస్ట్ చేయండి.

నైట్ షిఫ్ట్ నరసరావుపేట · రాత్రి 9:12

అక్కడ పెట్టగానే చెప్పండి. కానీ ముందు ఫర్‌మార్క్ వీడియో పంపాలి.